పెరట్లో రెల్లు

1954 జూన్ 9, బుధవారం

నా దస్తూరీ బాగుండదు. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. పెంటపాడులో వీధిబడి చదువు, అదీ మూడేళ్ళు. చదివేవారు మన్నించాలి అని రాయబోయాను. ఇది చదివేవారెవరు? ఎవరూ లేరు. సిరా అయితే పడింది, ఉండనీ.

లాకు దగ్గర కాలవ నీటిమట్టం రాసే పుస్తకం ఇది. లాకు తలుపులు తిప్పే లస్కరు పని నుంచి నేను దిగిపోయేనాటికి సగం ఖాళీగా ఉంది. నువ్వే ఉంచుకోవయ్యా అన్నారు ఇంజనీరు గారు. ఏళ్ళ తరబడి పొద్దున్నే లేచి ఏదో ఒకటి రాసిన చెయ్యి, ఊరుకోమంటే ఊరుకోదు. నీళ్ళ సంగతి ఇప్పుడు వేరే అతను రాస్తున్నాడు. నేను గడ్డి సంగతి రాసుకుంటాను. గడ్డి సంగతి మాత్రమే.

నిన్న మృగశిర ప్రవేశించింది. నాలుగు చినుకులు పడ్డాయి. ఏలూరులో ఈ ఇంటికి వచ్చాక ఇది రెండో వానాకాలం. ముందు పెంకుటిల్లు, వెనక వంటపాక, పాక వెనక పెరడు. పెరట్లో రెల్లు వేయాలని ఉంది.

మా ఆవిడ వైశాఖంలో కొల్లేటి లంకకి, తమ్ముడి ఇంటికి వెళ్ళింది. మరదలికి పురుడు. నెల తిరక్కుండా వస్తానంది. నెల తిరిగింది. పురుడన్నాక అటూ ఇటూ అవుతుంది. తొందరేం లేదు.

జూన్ 10

రెల్లు ఎందుకు అని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక మాట సిద్ధంగా ఉంచుకోవాలి.

నిరుడు దసరాల్లో ఆవిడ పెరటి గుమ్మంలో నిలబడి, "ఇక్కడ పండగలైతే వస్తాయి గానండీ, వాన వెళ్ళిపోయిందని మనిషికెలా తెలుస్తుందండీ?" అంది. నాకు అర్థం కాలేదు. క్యాలెండరు ఉందిగా అన్నాను. నవ్వి లోపలికి వెళ్ళిపోయింది. లాకుల దగ్గర ఉన్నన్నాళ్ళూ మా క్వార్టరు ఎదురుగా గట్టంతా రెల్లు పూసేది. వాళ్ళ లంక చుట్టూ అయితే ఆశ్వయుజం వచ్చేసరికి నీళ్ళు కనపడవట, అంతా తెలుపే.

అడిగితే మేకలకి అని చెబుతాను. మాకు మేకలు లేవు.

జూన్ 12

గునపం, గోనెసంచి పట్టుకుని బండి మీద కొల్లేటి గట్టు దాకా వెళ్ళాను. రెల్లు దుబ్బులు కొన్ని తవ్వాను. నీళ్ళ అంచున పెరిగే కిక్కిస గడ్డి వేళ్ళు కూడా తీశాను. బురద కడుక్కుంటుంటే లంక నుంచి తాటిదోనె వచ్చింది. నడిపే మత్తయి నన్నెరుగును.

"ఎక్కండి లస్కరు గారూ. గంగారత్నం గారు పొద్దస్తమానం రేవుకేసి చూస్తా ఉంటారండీ."

"గడ్డి కోసం వచ్చానయ్యా."

"గడ్డికా అండీ?"

"గడ్డికే."

అతను గెడ వేసి దోనె తోసుకుంటూ వెళ్ళిపోయాడు. పడవవాళ్ళు ఎవరితోనైనా అలాగే అంటారు. అయినా అది పురిటిల్లు. మగవాణ్ణి, పిలవకుండా గోనెసంచితో ఎలా వెళ్ళను? చేతులనిండా బురద.

దోనె చిన్నదయ్యేదాకా అక్కడే ఉన్నాను. దుబ్బులు వాడకుండా సంచి తడుపుతూ ఉండిపోయాను, అంతే.

జూన్ 13

తమ్మిలేరు ఇసక తట్టలతో తెచ్చి నల్లమట్టిలో కలిపాను. రెల్లుకి నీళ్ళు నిలవకూడదు, కిక్కిసకి నిలవాలి. అందుకని పల్లంగా ఉన్న మూల కిక్కిస, పాక వెనక మెరక మీద రెల్లు. ఆకులు జానెడు ఉంచి కోసేసి, వేళ్ళు విడదీసి, ఎడంగా నాటాను. పాక గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంటే ఎదురుగా కనిపించాలి. కూర్చుని చూశాను. కనిపిస్తుంది. పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళకి కనిపిస్తుందా అని అక్కడా కూర్చుని చూశాను.

పక్కింటి మౌలాలి గోడ మీంచి తొంగి చూశాడు. తివాచీల కార్ఖానాలో ఉన్నికి రంగులు వేస్తాడు. మోచేతుల దాకా ఒక రోజు ఎరుపు, ఒక రోజు నీలం.

"ఏవండీ లస్కరు గారూ, ఊరంతా గడ్డి పీకుతుంటే మీరు నాటుతున్నారేంటండీ?"

"మేకలకి."

"మీకు మేకలెక్కడివండీ? ఉన్న ఒక్క మేకా మాది."

ఈ సంగతి నేను ముందు ఆలోచించుకోలేదు.

జూన్ 22

ఆరుద్ర. వాన. దుబ్బులన్నీ ఎండిపోయినట్టే ఉన్నాయి.

జూన్ 29

ఒక దుబ్బులో పచ్చటి మొలక. సూదంత. చెబుదామని ఇంట్లోకి వచ్చాను.

జూలై 6

లంక నుంచి చేపల ముత్యాలమ్మ వచ్చింది. బజారులో అమ్మగా మిగిలినవి మా గుమ్మంలో దింపుతుంది. మా ఆవిడకి పెద్దమ్మ కూతురు, వయసులో చిన్నది. మరదలి వరస కాబట్టి నన్ను ఏమైనా అనొచ్చంటుంది. ఆమెకి చెప్పిన మాట చేపల బజారంతటికీ చెప్పినట్టే.

"బావగారూ, కొర్రమీనండీ. వండుకోవడం వచ్చా, వండి తినిపించి కూడా వెళ్ళమంటారా?"

చేప అందుకున్నాను.

"పిల్ల బంగారం ముక్కండీ. తల్లి ఎత్తుకుంటే ఏడుపు, మేనత్త ఎత్తుకుంటే నవ్వు. ఆయ్. అక్క దాన్ని కింద పెడితేగా."

మాకు పిల్లలు లేరు.

"అక్కకేమైనా చెప్పమంటారా అండీ?"

"అంతా బాగానే ఉందని చెప్పు."

"అంతేనా? ఇంత చిన్న మాటకి నాకు బుట్టెందుకండీ, కొంగున ముడేసుకుపోతాను."

"అంతే."

జూలై 7

చేప మాడిపోయింది.

జూలై 19

మౌలాలి మేక గోడ దూకి రెల్లు సగం నమిలేసింది. మౌలాలి భార్య షంషున్నీసా పరుగెత్తుకుంటూ వచ్చి దాని చెవి పట్టుకుంది.

"అన్నయ్యగారూ, దీని తప్పేం లేదండీ. మేకలకని మీరే అన్నారటగా. మా ఇంటాయన ఆ మాట దీనికి కూడా చెప్పుంటాడు."

నవ్వొచ్చింది. చాలా రోజులైంది.

సాయంత్రం మొగుడూ పెళ్ళాం కలిసి తుమ్మకంప తెచ్చి చుట్టూ కట్టారు. కట్టడం అయ్యాక షంషున్నీసా గొంతు తగ్గించి, "వదినగారికి ఇష్టమా అండీ ఈ గడ్డి?" అంది. నేను కంప సర్దుతూ ఉండిపోయాను.

జూలై 20

వేలిలో ముల్లు విరిగింది. రాయడం కష్టం.

ఆగస్టు 4

మౌలాలి ఉన్ని బేరానికి చింతలపూడి వైపు మెట్టకి వెళ్ళి, మూట మీద తడిగుడ్డలో చుట్టి రెండు దుబ్బుల గడ్డి తెచ్చాడు. పేరు అతనికీ తెలియదు, గొర్రెల కాపరికీ తెలియదట. వానలు వెనకబడ్డాక ఎర్రబడుతుందట.

"ఎంత ఎరుపంటే లస్కరు గారూ, నేను తొట్టిలో ఎన్నిసార్లు ముంచినా ఉన్నికి ఆ రంగు ఎక్కదండీ. మీ తెలుపు పక్కన ఈ ఎరుపు పడిందా, పెరడు పెరడంతా తివాచీ అయిపోద్ది."

తెలుపు పక్కన ఎరుపు. నాకు తట్టని సంగతి. రెల్లు ముందు వరసలో నాటాను. ఆవిడ పెళ్ళినాటి చీర కూడా

గడ్డి సంగతి మాత్రమే.

ఆగస్టు 12

రెల్లు నడుము దాకా వచ్చింది. గాలి వేస్తే ఇంట్లో ఎవరో తిరుగుతున్నట్టు చప్పుడు.

ఆగస్టు 24

మఖ వానలు. వంటపాక పడమటి వైపు కారుతోంది. కింద గిన్నె పెట్టాను. పొయ్యి ఇటు జరిపాను. ఇటు నుంచి రెల్లు సరిగా కనిపించదు.

ముత్యాలమ్మ తడుస్తూ వచ్చింది. చూరు కింద నిలబడి కొంగు పిండుకుంటూ చెప్పింది.

"సింహాచలం అక్కకి వేరే పాక వేస్తానంటున్నాడండీ, తన పాక పక్కనే. పిల్ల అక్కని వదిలితేగా. మీరూ వచ్చేయండి బావగారూ."

సింహాచలం నా బావమరిది.

"అరవయ్యేళ్ళకి ఇల్లరికమా?" అన్నాను.

"మరే! అప్పుడు రమ్మంటే లాకులు వదిలి రాలేనన్నారు. ఇప్పుడు లాకులేవండీ?"

"ఆవిడేమంది?"

"ఏమీ అనలేదండీ. మీరిద్దరూ ఒక్క తానులో గుడ్డలేగా."

ఏమీ అనలేదంటే ఉంటానన్నట్టా?

ఆగస్టు 25

ఉంటానన్నట్టు కాదు.

ఆగస్టు 26

పుట్టి పెరిగిన ఊరు. తమ్ముడు. పిల్ల. ఉంటే మాత్రం తప్పేముంది? నేను గడ్డి పెంచి పసిపిల్లతో పోటీ పడుతున్నానా?

రెల్లు పూశాక చూద్దాం.

సెప్టెంబరు 1

చవితి. కుడుములు కుదరలేదు. దేవుడికి బెల్లం ముక్క పెట్టాను.

సెప్టెంబరు 16

ఉత్తర కార్తె. వరి అయితే పొట్ట మీదుంది అంటాం. రెల్లు కూడా అలాగే ఉంది, కాడ లోపల ఏదో దాచుకుని.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ నాతో మాట్లాడేది కాదు. నేనూ మాట్లాడేవాణ్ణి కాదు. అన్నం పెట్టేది, తినేవాణ్ణి. వానాకాలమంతా అలాగే గడిచింది. ఒకనాడు పొద్దున్న నేను పడవ కోసం లాకు తలుపు తిప్పుతున్నాను. ఆవిడ బిందెతో గట్టు మీదికి వచ్చి, రెల్లుకేసి చూస్తూ, "వెళ్ళిందండీ వాన" అంది. నాతోనే అందా, రెల్లుతో అందా తెలియలేదు. చుట్టూ ఎవరూ లేరు గనుక నాతోనే అనుకున్నాను. "ఊఁ" అన్నాను. మా ఇద్దరి మధ్యా మొదటి మాట అదే. ఆ తర్వాత ప్రతి ఏడూ ఆ మాట అనేది. నేను ఊఁ అనేవాణ్ణి. ఇంకాస్త ఏమైనా అని ఉండాల్సింది. ఏమనాలో ఇప్పటికీ తెలియదు.

సెప్టెంబరు 21

పూసింది.

పొద్దున్న పట్టుకుచ్చులా, కొంచెం గులాబీ ఛాయతో బయటికి వచ్చింది. మధ్యాహ్నానికి విచ్చుకుని తెల్లబడింది. మూల కిక్కిస ఊదారంగు కుచ్చులు వేసింది. మెట్టగడ్డి అంచులు ఎర్రబడుతున్నాయి. మౌలాలి కార్ఖానాకి ఆలస్యమవుతున్నా నిలబడిపోయాడు. "గంగారత్నం గారు చూస్తే..." అని అక్కడితో ఆపేశాడు.

ఇంక పిలవాలి. ముత్యాలమ్మతో చెప్పాల్సిన మాట పీట మీద కూర్చుని అనుకున్నాను. "ఒకసారి వచ్చి చూసి వెళ్ళమని చెప్పు." వెళ్ళమని ఎందుకు? "వచ్చి చూడమని చెప్పు." ఆ మాట చేపల బజారులో ఎలా వినిపిస్తుందో తలుచుకున్నాను. ఒక్కణ్ణే ఉన్నా చెవులు వేడెక్కాయి.

సెప్టెంబరు 28

ముత్యాలమ్మ వచ్చింది. మాట నోటి దాకా వచ్చి ఆగింది. "ఇలా రా" అని పెరట్లోకి తీసుకెళ్ళాను.

"అమ్మో! ఇదంతా మీరే వేశారా బావగారూ?"

"ఊఁ."

"ఒక్కరే?"

"ఊఁ. చూసింది చూసినట్టు మీ అక్కకి చెప్పు."

ఆమె రెల్లు చూసింది, పాక చూసింది, గిన్నె చూసింది. ఎన్నడూ లేనిది ఎగతాళి మానేసి, "తప్పకుండా చెప్తానండీ. పాపం" అంది.

పాపం అంది. అర్థమైందన్నమాట. ఇంకేం చెప్పక్కర్లేదు.

అక్టోబరు 1

ఇల్లు అలికాను. మంచం నులక బిగించాను. పొయ్యి మళ్ళీ పాత చోటికి జరిపాను.

అక్టోబరు 2

దూది ఎగరడం మొదలైంది. గాలి కొంచెం ఆగితే బాగుండును.

అక్టోబరు 3, ఆదివారం

తెల్లవారగానే వీధిలో బండి ఆగింది. ఉతికిన చొక్కా తొడుక్కున్నాను. గుండీలు ఒకదాని బదులు ఒకటి పడ్డాయి. తలుపు తీస్తే సింహాచలం. వెనక ఇద్దరు మనుషులు, చేతుల్లో కొడవళ్ళు. బండిలో ఎండు రెల్లు మోపులు. బండి వెనక్కి కూడా వెళ్ళి చూశాను. ఇంకెవరూ లేరు.

"అక్క పంపిందండీ బావగారూ. ముత్యాలమ్మ చెప్పిందగ్గర్నుంచీ కూర్చున్న చోట కూర్చోలేదండీ. పాక కారిపోతోందట, కప్పుకని రెల్లు వేసుకున్నారట, పూత వచ్చేసినా కోసే దిక్కు లేక అలాగే నిలబెట్టేశారట. మా లంకలో పెరట్లో పూసిన రెల్లు కోయకుండా ఉందంటే ఆ ఇంట్లో మగమనిషి మంచాన పడ్డట్టేనండీ. 'మీ బావ నోరు తెరిచి అడగడురా, పొండి పొండి' అని తరిమేసింది. మీది సరిపోదని ఈ మోపులు కూడా తనే కట్టించింది."

నేను పెంటపాడు వాణ్ణి. వరి కోత తెలుసు. రెల్లుకి ఇలాంటి లెక్క ఉందని ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలియదు. గట్టు మీది రెల్లు సర్కారుది, దాన్ని మేమెవరం ముట్టుకునేవాళ్ళం కాదు.

వద్దు అనాలి. అది కప్పుకి కాదు అనాలి. మరి దేనికండీ అంటాడు. ఇద్దరు కొత్తవాళ్ళు వింటున్నారు.

"మీరు కూర్చోండి బావగారూ, మేం చూసుకుంటాం."

కూర్చున్నాను. పీట మీద, గుమ్మానికి ఎదురుగా. మొదలంటా వంగి రెల్లూ కిక్కిసా చకచకా కోశారు. వాళ్ళ చేతులు ఎంత బాగా తిరుగుతాయో. దూది లేచి పాక మీదా నా చొక్కా మీదా పడింది. మౌలాలి గోడ దూకినంత పని చేశాడు. "ఆగండాగండి, ఏం చేస్తున్నారు మీరు! అది..." నేను చెయ్యెత్తి ఆపాను. కోతని కాదు, అతన్ని.

మోపులు కట్టడానికి తాడు చాలకపోతే నేనే లోపలికి వెళ్ళి తెచ్చిచ్చాను.

మెట్టగడ్డి దగ్గర సింహాచలం ఆగాడు. "ఇది పొట్టిదండీ, కప్పుకి పనికి రాదు. పీకేయమంటారా?"

"ఉంచు." అదొక్కటీ అన్నాను.

పిల్ల ఎలా ఉందని అడిగాను. అతని ముఖం వెలిగిపోయింది. "అక్క పేరే పెట్టామండీ. గంగారత్నం. పిలిస్తే ఇద్దరూ తిరుగుతారు."

అక్టోబరు 5

రెండు ఎండలు కాశాక పాక కప్పు నేశారు. సింహాచలం దిగి వచ్చి చేతులు దులుపుకుంటూ పైకి చూశాడు.

"ఇంక మూడేళ్ళ దాకా చూసుకోనక్కర్లేదండీ. అక్క కూడా అదే అంది. పాకొక్కటి బాగుపడితే ఆయన గురించి నాకు బెంగ ఉండదురా అని. ఇంక నిశ్చింతగా ఉంటుందండీ."

ఎక్కడ ఉంటుందో అడగలేదు. అన్నం పెట్టాను. పులుసు బాగుందన్నారు. బండెక్కుతూ, "అక్కకేమైనా చెప్పమంటారా?" అన్నాడు.

అంతా బాగానే ఉందని చెప్పమన్నాను.

అక్టోబరు 7

దసరా. మధ్యాహ్నం పెద్ద వాన. పాకలో కూర్చున్నాను. ఒక్క చుక్క కారలేదు. గిన్నె తీసి బోర్లించాను.

అక్టోబరు 8

షంషున్నీసా గోడ దగ్గరికి పిలిచింది. కోపంగా ఉంది.

"వదినగారికి తెలియదటగా అది దేనికో."

"తెలియదు."

"ఎవరు చెప్పాలండీ మరి? గడ్డి చెప్తుందనుకున్నారా?"

నేను గోడ మీద పెచ్చు గీరుతున్నాను.

"పెద్దవారు, ఏమీ అనుకోకండి అన్నయ్యగారూ. ఆవిడా అక్కడ కూర్చుని, ఒక్కసారైనా రమ్మన్నారా ఈయన, ఎలా రానూ అనుకుంటుంటే?"

ఇంట్లోకి వచ్చి చాలాసేపు కూర్చున్నాను. వైశాఖం నుంచీ నేను పంపిన మాటలన్నీ గుర్తు చేసుకున్నాను. అంతా బాగానే ఉంది. అంతా బాగానే ఉంది. అన్నీ అదే మాట.

ఉత్తరం రాయాలి. ఆవిడకి చదవడం రాదు. సింహాచలం పైకి చదువుతాడు. వాకిట్లో అందరూ చేరతారు. ముత్యాలమ్మ అందరికన్నా ముందు కూర్చుంటుంది.

అక్టోబరు 9

ముందు ఇక్కడ రాసి, తర్వాత ఎక్కిస్తాను. కార్డయితే పోస్టుమాను కూడా చదువుతాడు. కవరు కొనాలి.

కార్డే చాలు. చదవనీ.

సింహాచలానికి దీవెనలు. చదివేది నువ్వే గనుక నీ పేరున రాస్తున్నాను. మీ అక్కని దగ్గర కూర్చోబెట్టుకుని చదువు. పిల్ల నిద్రపోతుంటే లేపకు. మిగతావాళ్ళని పొమ్మనక్కర్లేదు.

పాక బాగా కుదిరింది. దసరానాటి వానకి చుక్క కారలేదు. నీ చెయ్యి మంచిది.

ఇక్కణ్ణుంచి మీ అక్కకి.

ఆ రెల్లు కప్పు కోసం వేసింది కాదు. నువ్వు చూస్తావని వేశాను. నాటినప్పుడే నువ్వు పొయ్యి దగ్గర కూర్చుంటే కనిపిస్తుందో లేదో చూసుకున్నాను. పూశాక రమ్మందామనుకున్నాను. చెప్పడం చేతకాక ముత్యాలమ్మకి చూపించాను. ఆమె తప్పు లేదు, నీ తప్పు లేదు. నేను ఇబ్బంది పడుతున్నానని నువ్వు కప్పు పంపావు. అయితే కప్పు బాగుపడింది గనుక నాకు ఇంకేమీ అక్కర్లేదని అనుకోవద్దు. కారుతున్నన్నాళ్ళూ గిన్నె తీసి పెట్టే పనైనా ఉండేది.

నువ్వు రా. పిల్లని వదల్లేకపోతే తల్లినీ పిల్లనీ తీసుకునే రా, నాలుగు రోజులుంటారు. అదీ కుదరదంటే నన్ను రమ్మను. ఇల్లరికం అని ముత్యాలమ్మ నవ్వుతుంది, నవ్వనీ. ఇక్కడైనా సరే, అక్కడైనా సరే. నువ్వున్న చోట అని రాయాలి. రాశాను.

మోళ్ళు పచ్చగా లేచాయి గాని ఈ ఏడు ఇంక పూయవు. చింతలపూడి నుంచి మౌలాలి తెచ్చిన గడ్డి ఒకటి మిగిలింది. అది మొత్తం ఎర్రబడింది. ఎన్నాళ్ళు ఉంటుందో మౌలాలి కూడా చెప్పలేకపోతున్నాడు.

సింహాచలం, మీ అక్క ఏమందో అన్నది అన్నట్టు రాయి. ఏమీ అనకపోతే, ఏమీ అనలేదని రాసేయకు. మళ్ళీ అడుగు. అడిగి, జవాబు త్వరగా పంపించు.